ఎనిమిదో దెబ్బ

నువ్వుల నూనె ఆడించే గానుగ పెరట్లో, మనుషులు అన్నాలకి వెళ్ళగానే సంగీతం బడి మొదలయ్యేది. మాస్టారు గానుగెద్దు వీరన్న. పదహారేళ్ళు గానుగ చుట్టూ ఒకే నడకలో తిరిగినవాడు కాబట్టి తాళంలో ఆయనకి తిరుగులేదు. గొంతు మాత్రం బొంగురు. పిల్లలు ఏడుగురూ చుక్కలకోడి సుబ్బులు సంతానం. ఒక్కొక్కరికి ఒక్కో స్వరం. స, రి, గ, మ, ప, ద, ని. కొన్నాళ్ళకి వాళ్ళ అసలు పేర్లు కన్నతల్లే మరిచిపోయింది. ఎనిమిదో విద్యార్థి గాడిదపిల్ల గవిరిగాడు.

పాపం గవిరిగాడికి పాట లేదు. ఏడు స్వరాలకీ ముందుకాలితో మెల్లగా తట్టాలి, ఎనిమిదో దెబ్బ వెనకకాలితో గట్టిగా వెయ్యాలి. రెండు నెలలుగా అదే పని. వాడికేమో పాడాలని ప్రాణం కొట్టుకుపోయేది.

"మాస్టారూ, నానెప్పుడు పాడతాను?"

"ముందు వినరా. ఎవరి గొంతు ఎక్కడ లేచిందో, ఎక్కడ ఆగిందో చూడకుండా చెప్పాలి నువ్వు."

"ఆగింది కూడా వినాలేటి?"

"అదే ముందు వినాలి."

ఆ బడిలో ఇంకో నియమం ఉండేది. ఎవరైనా తన స్వరం మరిచిపోతే పక్కవాడు దాన్ని అందుకోకూడదు. ఆ చోటు ఖాళీగా వదిలేసి తన వంతు వచ్చాకే పాడాలి.

"ఖాళీగా ఉంటే బాగోదు గదా మాస్టారూ!" అన్నాడు 'రి'.

"బాగోదు. అందుకే తప్పినవాడెవడో అందరికీ తెలుస్తుంది," అన్నాడు వీరన్న.

ఇదంతా సుబ్బులుకి నచ్చలేదు. "రెండు నెలలైంది మాస్టారూ! పక్కదొడ్డి బాతుపిల్లలు అప్పుడే డాన్సు ప్రోగ్రాం ఇచ్చేశాయి. మావాళ్ళింకా సరిగమల దగ్గరే ఉన్నారు. నలుగురిలో తలెత్తుకోలేకపోతన్నాను."

వీరన్న నెమరు ఆపకుండానే, "ఇంకో నెల ఆగమ్మా," అన్నాడు.

కంచె అవతల నక్క నాంచారయ్య ఈ మాట విన్నాడు. మర్నాడే మెడలో ఎర్ర కండువాతో పెరట్లోకి దిగాడు.

"సుబ్బులమ్మా, మీ పిల్లల గొంతులు విని దారిన పోయేవాణ్ణి నిలబడిపోయాను. మూడంటే మూడు రోజులు నాకప్పగించండి, కచేరీ చేయిస్తాను. ఫీజు మాట మాత్రం ఎత్తకండి. చదువు అమ్ముకునే వంశం కాదు మాది."

నక్కని చూసి సుబ్బులు ఈకలు ఒక్కసారి నిక్కపొడుచుకున్నాయి. కచేరీ అన్న మాట చెవిన పడగానే వాటంతట అవే సర్దుకున్నాయి. పిల్లల గొప్ప పదిమందికీ చూపించాలన్న పిచ్చి పట్టాక కోడికైనా ఇంకెవరికైనా కళ్ళు సరిగా కనపడవు.

"కంచె లోపల నక్కేమిటమ్మా?" అన్నాడు వీరన్న.

"మీకు కుళ్ళు మాస్టారూ," అంది సుబ్బులు. ఆయన పాకలోకి వెళ్ళి పడుకున్నాడు.

నాంచారయ్య గవిరిగాడి భుజం తట్టాడు. "ఇంత గొంతు పెట్టుకుని కాలు తట్టడమేంట్రా బాబూ! కచేరీలో నువ్వే పెద్ద పాటగాడివి. ఒకసారి గొంతెత్తావంటే ఇక ఆపకూడదు."

గవిరిగాడికి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళకి తన విలువ తెలిసినవాడు ఒకడు దొరికాడనుకున్నాడు.

మూడో రోజు కచేరీకి బాతులు కుటుంబాలతో సహా వచ్చాయి. కోడిపిల్లల్ని గానుగ దుంగ మీద వరసగా కూర్చోబెట్టాడు నక్క. గవిరిగాణ్ణి 'మ'కి ఎదురుగా, కానీ వీపు పిల్లల వైపుకీ ముఖం పొలాల వైపుకీ ఉండేలా నిలబెట్టాడు.

"నీ పాట ఊళ్ళోకి వినపడాలి గదా," అని గవిరిగాడికి చెప్పి, అందరి వైపూ తిరిగాడు. "విద్వాంసులు కళ్ళు మూసుకునే పాడతారు. వినేవాళ్ళు కూడా మూసుకోవాలి. కళ్ళు తెరిస్తే రసం చెడిపోతుంది."

సుబ్బులు అందరికంటే ముందు కళ్ళు మూసుకుంది.

పాట మొదలైంది. సరిగమపదని, ఎనిమిదో దెబ్బ. మళ్ళీ సరిగమపదని, ఎనిమిదో దెబ్బ. "శభాష్! శభాష్!" అంటూ నక్క వెనకాల తిరుగుతున్నాడు. గవిరిగాడు గుండెల నిండా గాలి పీల్చి గొంతెత్తాడు. అబ్బ, ఎంత హాయి! పొలాలు, ఆకాశం, అన్నీ తనవే అనిపించింది.

అయినా కాలు మాత్రం అలవాటు కొద్దీ తాళం వేస్తూనే ఉంది. పొడుగాటి చెవులు వాటంతట అవే వెనక్కి తిరిగాయి. స, రి, గ... ప, ద, ని.

'మ' లేదు.

మరిచిపోయాడా? ఒక్కనాడూ తప్పనివాడే! చూద్దామంటే ముఖం పొలాల వైపుంది. విందామంటే తన పాటే అడ్డం. ఇన్నాళ్ళు ఎదురుచూసిన పాట, ఇంకా సగం కూడా కాలేదు. గవిరిగాడికి ఏడుపొచ్చినంత పనైంది. అయినా పాటని గొంతులోనే మింగేసి విన్నాడు.

స, రి, గ... ఆ ఖాళీలో ఎండుటాకులు గరగరమన్నాయి. 'శభాష్' కూడా వినపడటం లేదు. పిల్లాడి నోరూ ఈ కొత్త మాస్టారి నోరూ ఒకేసారి ఎందుకు మూతపడ్డాయి?

వాడికి అర్థమైంది. ప, ద, ని. ఆకులు గరగరమన్న చోటుకి, సరిగ్గా ఎనిమిదో దెబ్బకి, గవిరిగాడి రెండు వెనకకాళ్ళూ కలిసి లేచాయి.

నక్క నోట్లోంచి 'మ' ఒకవైపు, నక్క ఇంకోవైపు ఎగిరిపడ్డారు. తడిసిన రెక్కలు దులుపుకుంటూ 'మ' దుంగ ఎక్కేసరికి తర్వాతి వరస 'గ' దాకా వచ్చింది. వాడు తన చోట 'మ' అని అందుకున్నాడు. అప్పుడుగానీ సుబ్బులు కళ్ళు తెరవలేదు. తెరిచాక ఆవిడ నక్క వెంటపడి పొడిచిన పోట్లు ఏ తాళానికీ లొంగేవి కావు. ఎర్ర కండువా కంచెకి వదిలేసి, కుంటుకుంటూ పారిపోయాడు నాంచారయ్య.

పాకలోంచి వీరన్న లేచొచ్చాడు. "తాళం తప్పలేదు గానీ, ఎనిమిదో దెబ్బ కాస్త గట్టిగా పడిందిరా."

"తప్పైపోయింది మాస్టారూ," అంది సుబ్బులు తల వంచుకుని. "ఇంకో నెల కాదు, ఇంకో ఏడాదైనా మీ దగ్గరే."

వీరన్న గవిరిగాడి వైపు తిరిగాడు. "నీ పాట మధ్యలో ఆగిపోయింది గదా. కానియ్, ఇప్పుడు పాడు."

గవిరిగాడు పాడాడు. బాతులు మర్యాదగా సెలవు తీసుకుని చెరువులో మునిగాయి. సుబ్బులు మాత్రం పారిపోలేదు. 'మ'ని రెక్క కింద దాచుకుని, కళ్ళు బాగా తెరుచుకుని, చివరిదాకా కూర్చుని వింది.

సొంత పాట ఆపి పక్కవాడి గొంతు వినగలిగినవాడికే సంగీతం వచ్చినట్టు.