రాణిగారి పుట్టింటి ఉగ్గుగిన్నె

అనగనగా ఒక ఏరు. ఏటికి ఇవతల ఒక రాజుగారి కోట, అవతల సోమనాద్రి అనే వైద్యుడి పాక.

కోటలో మందులు నూరి, కాచి, కొలిచి ఇచ్చే పని వరదమ్మది.

ఒకనాడు రాజుగారి ఏడు నెలల పసివాడికి జ్వరం వచ్చింది. ఒళ్లు పెనంలా కాలుతోంది. పడవ నడిపే పోతన్న ఏరు దాటి వెళ్లి, సోమనాద్రి దగ్గర కషాయం ముంత తెచ్చాడు.

"పూటకి మూడు ఉగ్గుగిన్నెలు పట్టమన్నారు" అన్నాడు.

రాణిగారు గబగబా ఉగ్గుగిన్నె తెచ్చి ఇచ్చారు. ఆమె పుట్టింటివారు మనవడికి పెట్టిన బంగారు గిన్నె అది. నలుగురూ మెచ్చుకోవాలని కాస్త ఘనంగానే చేయించారు.

వరదమ్మ ముంత వంచబోయి ఆగింది. గిన్నె అరచేతిలో పట్టడం లేదు మరి.

"పోతన్నా, ఆ వైద్యుడి గిన్నె ఎంతుంటుంది?"

"నేను చూళ్లేదమ్మా. ఆయన చెప్పాడు, నేను తెచ్చాను."

"అయితే మళ్లీ వెళ్లు నాయనా. ఆయన కొలిచే గిన్నె అడిగి పట్టుకురా."

మంత్రి విసుక్కున్నాడు. "గిన్నెల్లో తేడా ఏమిటి వరదమ్మా? మూడంటే మూడే."

దాది మూతి తిప్పింది. "బిడ్డ కాలిపోతుంటే ఈవిడ గిన్నెల కోసం పడవలు పంపుతోంది."

చివరికి రాజుగారే వచ్చారు. "ఈలోగా నా బిడ్డకేమైనా అయితే?"

వరదమ్మ చేతులు జోడించింది. "నా భయమూ అదే ప్రభూ. కానీ మందు తక్కువైతే మళ్లీ పోయొచ్చు. ఎక్కువైతే వెనక్కి తియ్యలేం."

పోతన్న వచ్చేదాకా ఆమె తడిగుడ్డతో పసివాడి పాదాలు తుడుస్తూనే ఉంది.

పోతన్న తలపాగా మడతలోంచి తీసిన ఇత్తడి గిన్నె నిమ్మచెక్కంత ఉంది. వరదమ్మ దాన్ని నీళ్లతో నింపి, బంగారు గిన్నెలో పోసింది. ఒకటి, రెండు, మూడు... లెక్క మంత్రి కూడా పెట్టాడు. తొమ్మిది పోస్తే గానీ నిండలేదు.

"ఆయన చెప్పిన మూడు గిన్నెలూ మన గిన్నెలో మూడో వంతు" అంది వరదమ్మ.

"మరి నేనన్నట్టు దీంతోనే మూడు పట్టి ఉంటే?" మంత్రి మెల్లగా అడిగాడు.

"తొమ్మిది పూటల మందు ఒక్క పూటలో పోసినట్టయ్యేది బాబూ."

రాణిగారు బిడ్డని ఒళ్లో వేసుకున్నారు. వరదమ్మ ఇత్తడి గిన్నెతో కొలిచి, కొంచెం కొంచెంగా పట్టింది. మూడో పూటకి పసివాడికి చెమట పోసింది. ఆకలని రాగం తీశాడు.

రాజుగారు బంగారు గిన్నె తిప్పి చూశారు. "దీన్ని పాయసానికి ఉంచుకుందాం. మా అత్తగారితో మాత్రం అనకండి."

"నాకు వినపడింది" అన్నారు రాణిగారు, బిడ్డని ఊపుతూనే.

ఆనాటి నుంచి ఏరు దాటి వచ్చే ప్రతి మందు ముంత మెడకీ దాన్ని కొలిచే గిన్నె కూడా కట్టి పంపడం ఆనవాయితీ అయింది.

అందుకే బుజ్జి తండ్రులూ, ఎన్ని అని వినగానే సరిపోదు. దేనితో కొలిచి అన్నారో అడిగి తెలుసుకున్నవారి ప్రేమే బిడ్డను కాస్తుంది.