పక్క సీటు

గవర్రాజు పడవలో పక్క సీటు ఖాళీ అయి చాలా రోజులైంది.

అది మామూలు పడవ కాదు, పందెం పడవ. తేలికపాటి ఫైబరు ఒళ్ళు, వెనక పడవకి మించిన ఇంజను, ముందు రెండంటే రెండు సీట్లు. ఒకటి నడిపేవాడిది, రెండోది పక్కవాడిది. వెనకొచ్చే పడవల్ని కనిపెట్టడం, ఇంజను వేడి చూడ్డం, ఎదర అల కనబడితే కేకెయ్యడం పక్కవాడి పని. పక్కవాడు లేనిదే పందెంలోకి దిగనివ్వరు.

ఇదివరకు ఆ సీట్లో బావ నూకరాజు కూర్చునేవాడు. పెద్దక్క మొగుడు. గవర్రాజుకి ఈ పడవల పిచ్చి అంటించింది కూడా ఆయనే. కిందటి పందెంలో, ఆఖరి మలుపు దాటి తిన్నగా దూసుకుపోతుండగా, పడవ ఊగడం మొదలెట్టింది. కుడికి ఒరిగింది. ఎడమకి ఒరిగింది. మళ్ళీ కుడికి ఒరిగి, ఇంక లేవలేదు. బోల్తా కొట్టిన పడవ కిందనుంచి గవర్రాజు ఒంటి మీద గీత పడకుండా బయటికొచ్చాడు. నూకరాజు కాలు విరిగింది.

కాలు అతుక్కుంది. కాస్త ఈడుస్తూ నడుస్తున్నాడు. ఇంతవరకూ బావమరిదిని పల్లెత్తు మాట అనలేదు. గవర్రాజుకి అదే కొరుకుడు పడలేదు. నాలుగు తిట్టినా హాయిగా ఉండేది.

"ఈసారి పందేనికి వస్తావా బావా?" అని ఒకరోజు ధైర్యం చేసి అడిగాడు.

వల కుట్టుకుంటున్న నూకరాజు తలెత్తలేదు. "చూద్దాంలేరా."

ఆ 'చూద్దాం' అంటే ఏంటో గోదారి ఒడ్డున పుట్టినవాడెవడికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

పాలెంలో కుర్రాళ్ళని అడిగాడు. ఒకడికి ఉన్నట్టుండి జ్వరం తగిలింది. ఒకడికి అత్తారింట్లో పని పడింది. ఒక్కడు మాత్రం ఉన్నమాట చెప్పేశాడు. "మాయమ్మ ఒప్పుకోదన్నా. ఏమీ అనుకోకు."

గవర్రాజు ఆ రాత్రి అన్నం తినలేదు. తెల్లారి లేచి తప్పంతా పడవ మీదికి నెట్టేశాడు. మనిషన్నాక ఎక్కడో ఒకచోటికి నెట్టాలి కదా. ఇంజను కింద నీళ్ళలో తిరిగే రెక్కలు మార్చాడు. బోల్టులు విప్పి ఇంజన్ని ఒక కన్నం పైకెత్తాడు. దాంతో వేగం పెరిగింది, దాని వెనకే ఊగడమూ పెరిగింది. బ్యాటరీని వెనకనుంచి ముందుకి జరిపాడు. ముక్కులో ఇసక బస్తా కూరాడు. ఏం చేసినా వరస ఒకటే. వేగం వంద దాటేదాకా బంగారం లాంటి పడవ, దాటిందా, తప్పతాగినవాడిలా తూలడం. అప్పుడు గవర్రాజు చెయ్యి దానంతటదే వేగం తగ్గించేసేది.

ఆఖరికి మొహమాటం చంపుకుని ఉస్తాదు దగ్గరికెళ్ళాడు.

ఉస్తాదు పేరు నాగూర్ మీరా. ఏటికి అవతల, దర్గా పక్కన రేకుల షెడ్డులో ఉంటాడు. ఒకప్పుడు ఆయన పడవ తోలుతుంటే ఒడ్డున మేస్తున్న గేదెలు కూడా తలెత్తి చూసేవని చెప్పుకుంటారు. చెప్పుకునేవాళ్ళు కాస్త కలుపుతారు. అందులో సగం తీసేసినా మిగిలింది తక్కువేం కాదు. ఇప్పుడు తోలడం మానేసి, తోలేవాళ్ళని తయారుచేస్తున్నాడు. గవర్రాజు ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. నేర్చుకున్నాడంటే, ఆయన పెద్దగా చెప్పిందేమీ లేదు. వీడేదైనా అడిగితే "ఆ స్పానరు ఇలా అందుకో" అనేవాడు. బోల్తా పడ్డ దగ్గర్నుంచీ గవర్రాజు మొహం చెల్లక అటుకేసి వెళ్ళలేదు.

ఉస్తాదు ఇన్నాళ్ళూ ఏమైపోయావని అడగలేదు. నీళ్ళు నములుతూ నిలబడ్డవాణ్ణి చూసి, "ఏంట్రా?" అన్నాడు.

"పడవకి సెట్టింగు కుదరట్లేదండి. మీరోసారి చూడాల."

"పందెం ఎప్పుడు?"

"వచ్చే ఆదివారవేనండి."

"పక్కనెవరు?"

గవర్రాజు నేల చూపులు చూశాడు. ఉస్తాదు రెట్టించలేదు. "రేపు పొద్దున్నే వస్తా. పడవని ఒడ్డుకి లాగి ఉంచు."

అవి రంజాను రోజులు. తెల్లారకముందే సహరీ భోజనం తిని, నమాజు చేసుకుని ఉస్తాదు రేవు దాటి వచ్చేసరికి ఎండ ఇంకా పొడవలేదు. వేట నిషేధం కాబట్టి ఏట్లో ఒక్క పడవా లేదు, ఒక్క వలా లేదు. గాలి కూడా సెలవు పెట్టినట్టుంది. గోదారి సముద్రంలో కలిసే ముందు ఒళ్ళు విరుచుకుని పడుకునే చోటది. అవతలి గట్టు ఉందనుకుంటే ఉంది, లేదనుకుంటే లేదు. నీళ్ళదీ ఆకాశానిదీ ఒకే రంగు. ఆ రంగుకి పేరేదో ఉండే ఉంటుంది గానీ, ఆ వేళప్పుడు చూస్తూ నిలబడ్డవాడికి పేరుతో పని ఉండదు.

రేవులో నూకరాజు కూర్చునున్నాడు, వల ముందేసుకుని. గవర్రాజు రమ్మనలేదు. ఆయనా ఎందుకొచ్చాడో చెప్పలేదు.

గవర్రాజు అలవాటుకొద్దీ "టీ తెప్పించమంటారా?" అని, వెంటనే నాలిక్కరుచుకున్నాడు. ఉస్తాదు నవ్వబోయి ఆవలించాడు.

పడవ ఇసకలో దుంగల మీదుంది. ఉస్తాదు దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. అడుగున అరచేత్తో నిమిరాడు, పశువుని కొనడానికొచ్చినవాడు వీపు నిమిరినట్టు. స్టీరింగు ఇటు తిప్పి, అటు తిప్పి, చక్రం కదిలీ కదలగానే వెనక ఇంజను కదులుతోందో లేదో చూశాడు. కదులుతోంది. ముక్కులోంచి ఇసక బస్తా తీసి ఇసకలోనే పడేశాడు. ఇంజన్ని ఒక కన్నం కిందికి దించమన్నాడు. దించాక మళ్ళీ ఆవలించాడు.

"పడవ బాగానే ఉంది," అన్నాడు.

గవర్రాజు మొహం మాడిపోయింది. పడవ బాగుంటే ఇంక బాగోలేనిదేంటి? అవతల బావ చెవులు పనిచేస్తూనే ఉన్నాయి.

"ఊగుతోందండి."

"ఆ వేగంలో ఊగని పడవ ఏదిరా?"

"మీరు తోలితే ఊగేది కాదు కదండి!"

ఉస్తాదు పడవని నీళ్ళలోకి నెట్టించాడు. లైఫ్ జాకెట్టు తొడుక్కుని, హెల్మెట్టు పెట్టుకున్నాడు. నడిపేవాడు ఎగిరి నీళ్ళలో పడితే ఇంజను దానంతటదే ఆగిపోవడానికి ఒంటికి తగిలించుకునే ఎర్ర తాడు ఒకటుంటుంది. దాన్ని తనే గవర్రాజు జాకెట్టుకి తగిలించి, ఒకసారి లాగి చూశాడు. తర్వాత వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నాడు.

గవర్రాజు మోకాలిలోతు నీళ్ళలో అలాగే నిలబడిపోయాడు.

"మీరు తోలి చూపిస్తారనుకున్నానండి."

"నాకు నిద్రొస్తోందిరా. నువ్వు తోలు."

తమాషాకి అన్నాడనుకున్నాడు గవర్రాజు. తనూ హెల్మెట్టు పెట్టుకుని, ఎక్కి కూర్చుని ఇంజను వేశాడు. "ఎక్కడిదాకా అండి?"

"సముద్రం వాసన తగిలేదాకా."

ఇసక మేట దాటేదాకా మెల్లగా పోనిచ్చాడు. లోతు రాగానే వేగం ఎక్కించాడు. ముక్కు లేచింది, తర్వాత సర్దుకుంది. బొటనవేలి కింది మీట నొక్కి ఇంజను కోణాన్ని కొద్దికొద్దిగా పైకి తెచ్చాడు. నీళ్ళు పడవని వదలడం మొదలెట్టాయి. అడుగంతా తడిసి ఉండే పడవ సగం ఆరింది, ఆపైన ముప్పాతిక ఆరింది. కాస్త మాటసాయం దొరుకుతుందేమోనని గవర్రాజు పక్కకి చూశాడు.

ఉస్తాదు కళ్ళు మూసుకుని ఉన్నాడు. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది.

"ఉస్తాదూ!"

ఇంజను మోతలో ఆ పిలుపు తనకే వినబడలేదు. ఉపవాసం ఉన్న ముసలాయన, కళ్ళు తిరిగాయేమోనని గవర్రాజు ఒక్క క్షణం కంగారుపడ్డాడు. కానీ గుండెల మీద జాకెట్టు నెమ్మదిగా పైకీ కిందికీ ఆడుతోంది. కడుపులో చల్ల కదలకుండా పడుకున్నాడు పెద్దమనిషి.

గవర్రాజుకి ముందు ఒళ్ళు మండింది. కాళ్ళావేళ్ళా పడి పిలుచుకొస్తే చేసే ఉపకారం ఇదా? ఆ మంట చల్లారేలోపే భయం పట్టుకుంది. ఇప్పుడు పడవ ఊగితే? ఈయన చేతులు దేన్నీ పట్టుకుని లేవు. ఒళ్ళో పెట్టుకుని పడుకున్నాడు.

ఆ ఆలోచన పూర్తికాకుండానే ఉస్తాదు తల పక్కకి వాలి, వచ్చి గవర్రాజు ఎడమ భుజం మీద ఆగింది. హెల్మెట్టుతో సహా, నిద్రలో ఉన్న మనిషి తల. ఎంత బరువుంటుందో మోసినవాడికి తెలుస్తుంది.

వేగం తగ్గించేద్దామనుకున్నాడు. తగ్గిస్తే ముక్కు దిగి, ఈయన ముందుకి తూలతాడు. పోనీ ఇలాగే పోనిద్దామనుకున్నాడు. తీర్థంలో నిద్రపోయిన పిల్లని భుజాన వేసుకుని ఇంటికొచ్చేవాడు గతుకులు చూసుకున్నట్టు, ఒళ్ళు దగ్గర పెట్టుకుని పోనిచ్చాడు.

వంద దాటింది. ఎప్పుడు దాటిందో గవర్రాజు చూడలేదు.

ఎదర చూడ్డానికీ ఏమీ లేదు. నీళ్ళెక్కడ ఆగి ఆకాశం ఎక్కడ మొదలైందో తేలడం లేదు. పడవ ముక్కు ఆ ఒక్క రంగులోకి పోతూనే ఉంది, ఎంత పోయినా అది తరగడం లేదు. ఇంజను మోత కూడా మెల్లగా ఎక్కడికో వెనక్కి జరిగిపోయింది, పక్కవీధిలో ఎవరో పిండిమర ఆడిస్తున్నట్టు. వెనక ఎక్కడో అరచేయంత మేర తప్ప పడవ నీళ్ళని తాకడం లేదు. ఆ అరచేతి మీదే ఇద్దరు మనుషులున్నారు. ఒకడు నిద్రపోతున్నాడు.

భుజం మీద బరువు ఇసుమంత తేలికైంది. ఇంకేమీ జరగలేదు, పడవ ఒరగలేదు, ముక్కు కదలలేదు. బరువు మాత్రం తేలికైంది. గవర్రాజు చెయ్యి స్టీరింగుని వెంట్రుకవాసి జరిపింది. తల మళ్ళీ భుజానికి ఆనింది. కాసేపటికి బరువు ఇటు పెరిగింది. చెయ్యి అటు వెంట్రుకవాసి జరిగింది. తల కుదురుకుంది.

అంతే. అలాగే పోతున్నారు. గవర్రాజు పడవ సంగతే మర్చిపోయాడు. ఈ తల జారకూడదు, ఈ నిద్ర చెడకూడదు, ఆ రెండే వాడి మనసులో ఉన్నాయి. బోల్తా పడ్డ రోజు కూడా ఒకసారి వచ్చి పక్కన నిలబడింది. ఆ రోజు ముక్కు ఒరగడం కంటితో చూశాక కదా స్టీరింగు తిప్పాడు. తిప్పేసరికి పడవ ఇటొచ్చేసింది. ఇటు తిప్పేసరికి అటు పోయింది. ప్రతిసారీ తన చెయ్యే దాన్ని ఇంకాస్త నెట్టింది. బావ "గవర్రాజూ" అని అరిచిన అరుపు ఇప్పుడే అరిచినట్టు వినబడింది.

గవర్రాజు కళ్ళంట నీళ్ళు కారాయి. గాలికి అనుకుందామంటే హెల్మెట్టు అద్దం దించే ఉంది. తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ లేదు. కారనిచ్చాడు. పాలెంలో ఎవడూ కూర్చోనంటున్న చోట ఈయన కూర్చున్నాడు. కూర్చోవడమే కాదు, నిద్రపోయాడు.

ఉప్పు వాసన తగిలింది. ఒక్కసారి వేగం చూపే అంకెల వైపు చూశాడు. ఆ పడవ మీద ఎప్పుడూ చూడని అంకె. చూసి, చూపు తిప్పుకున్నాడు. పిల్లని పక్క మీద పడుకోబెడుతున్నట్టు వేగం కొంచెం కొంచెంగా తగ్గించి, ఏటి వెడల్పంతా వాడుకుని పెద్ద మలుపు తిప్పాడు. వచ్చిన దారినే మళ్ళీ అదే వేగం. భుజం తిమ్మిరెక్కింది. కదపలేదు.

రేవులో ఇంజను ఆపాడు. ఆ నిశ్శబ్దానికి ఉస్తాదుకి మెలకువ వచ్చింది. తల ఎత్తి, హెల్మెట్టు తీసి సీట్లో పెట్టి, అరచేత్తో మొహం తుడుచుకున్నాడు.

"సముద్రం వచ్చిందేంట్రా?"

"వచ్చిందండి. చూసి వెనక్కి కూడా వచ్చేశామండి."

"మంచిది," అని ఉస్తాదు నీళ్ళలోకి దిగాడు.

నూకరాజు వల వదిలేసి ఒడ్డు చివర నిలబడి ఉన్నాడు. పడవ ఆ వేగంతో వెనక్కి వస్తున్నప్పట్నుంచీ అలాగే నిలబడ్డట్టున్నాడు. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"ఉస్తాదూ," అన్నాడు. గొంతులో కోపమో ఏదో ఉంది. "తల వాల్చేసి కనబడ్డారు. ఆ వేగంలో నిజంగా నిద్రపోయారా?"

ఉస్తాదు లుంగీ అంచు పిండుకుంటూ ఆయన కేసి చూశాడు.

"వాడు మెలకువగా ఉన్నాడు కదయ్యా," అన్నాడు. ఇంకో ఆవలింత ఆపుకుంటూ, నీడ వెతుక్కుంటూ గట్టెక్కి వెళ్ళిపోయాడు.

రేవులో ఇద్దరే మిగిలారు. గవర్రాజు పడవలో, చేతులు స్టీరింగు మీదే ఉంచుకుని. రా బావా అనలేదు.

నూకరాజు చాలాసేపు ఏటి కేసి చూశాడు. పడవ రేపిన అలలు ఒక్కొక్కటే వచ్చి ఆయన కాళ్ళ దగ్గర సద్దుమణుగుతున్నాయి. చివరి అల కూడా వచ్చి ఆగాక, చెప్పులు ఒడ్డున విడిచాడు. మంచి కాలు ముందు పడవలో పెట్టి, రెండో కాలుని చేత్తో ఎత్తి లోపల పెట్టుకున్నాడు.

"ఆ హెల్మెట్టు ఇటివ్వరా," అన్నాడు.