తెగని చిలకల లెక్క

ఏ కాలమో ఏ దేశమో నేనెరగను గానీ, ఒక రాజు, ఆయనకి ముగ్గురు కొడుకులు. మూడోవాడు మణిమంతుడికి కాలు నిలవదు. అన్నం కూడా తిరుగుతూనే తినేవాడు.

ఏడు సముద్రాల అవతల ఉండే ధూమకంఠుడనే మాంత్రికుడు నీలవేణి అనే రాజకుమార్తెని ఎత్తుకుపోయాడు. విడిపించుకొస్తానని పెద్దవాడు వెళ్ళాడు, రాలేదు. రెండోవాడు వెళ్ళాడు, రాలేదు. మూడోవాడు చెప్పాపెట్టకుండా బయల్దేరాడు. సముద్రం ఒడ్డున వెల్లకిలా పడి కొట్టుకుంటున్న తాబేలుని బోర్లా తిప్పాడు. అది వాణ్ణి వీపు మీద ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది. మాంత్రికుడి ప్రాణం ఒక చిలకలో ఉందని, ఏ చిలకో తనకీ తెలీదని, అక్కడ మాత్రం పొరపాటున కూడా కూర్చోవద్దని చెప్పింది.

వెళ్ళి చూస్తే తోటనిండా చిలకలే. రెండు వేల అయిదు వందల ఇరవై ఒకటి. అన్నీ ఒకటే పచ్చ. వాటి మధ్య అన్నలిద్దరూ కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే రాళ్ళయిపోయి ఉన్నారు.

ధూమకంఠుడు పందెం చెప్పాడు. చిలకల్ని సమానంగా వరసల్లో కూర్చోబెట్టాలి. అన్నీ ఒకే వరసంటే చెల్లదు, వరసకొక్కటంటే చెల్లదు. ఒక్కటీ మిగలకపోతే అందరూ విడుదల. ఈలోగా కూర్చున్నావా, రాయే.

పెద్దన్న రెండేసి అన్నాడని, ఒకటి మిగిలితే దిగులుపడి కూలబడ్డాడని మేడ కిటికీలోంచి నీలవేణి చెప్పింది. చిన్నన్న మూడేసి అన్నాడంట, అదీ అంతే.

మణిమంతుడు నాలుగేసి అన్నాడు. చిలకలు గోలగోలగా లేచి సర్దుకున్నాయి. ఒకటి మిగిలింది. అయిదేసి అన్నాడు, ఒకటి. ఆరేసి, ఒకటి. వాడి పిక్కలు లాగేస్తున్నాయి. గాదె దగ్గర ధాన్యం కొలిచేవాళ్ళ మధ్య పెరిగిన నోరు కదా, ఏడు అనకుండా "ఆరున్నొకటి" అనేసింది. చిలకలు ఆరు ఒకచోట, ఒకటి ఒకచోట కూర్చుని అంతా కలగాపులగం చేసిపెట్టాయి.

"ఏడు అనవయ్యా మహానుభావా, అన్నంత మాత్రాన ఏడుపేం రాదు" అంది నీలవేణి.

ఏడేసి అన్నా ఒకటే మిగిలింది. ఎనిమిది, తొమ్మిది, పది. ఒకటే, ఒకటే, ఒకటే. మాంత్రికుడు పీట తెప్పించి వేశాడు.

"కూర్చో అల్లుడూ. అది ఏ అంకెకీ తెగే లెక్క కాదు. బ్రహ్మ దిగొచ్చినా ఒకటో రెండో మిగలాల్సిందే."

వాడు ఆ పీట చుట్టూ గిరగిరా తిరుగుతూనే పదకొండేసి అన్నాడు. ఈసారి రెండు మిగిలాయి, పక్కపక్కనే. ఒకటి పొద్దున్నించీ ఎగిరెగిరి, ఈకలు రేగిపోయి, నోరు తెరిచి రొప్పుతోంది. రెండోది అప్పుడే దువ్విన తలలా నున్నగా ఉంది. అప్పుడు వెలిగింది వాడికి. ఇది అసలు కదల్లేదు. ప్రతిసారీ మిగిలింది ఇదే. నలుగురి తోపులాటలో నలిగిపోతుందని మాంత్రికుడు తన ప్రాణాన్ని మందలో కలవనివ్వలేదు.

వాడు ఒక్క దూకు దూకి దాన్ని పట్టేశాడు.

"ఇప్పుడు తెగుతుందా మామా లెక్క?"

ధూమకంఠుడి మొహం బూడిదయింది. చిలక మెడ విరిచేసరికి ఆ మాంత్రికుడు తన పీట మీద తనే కూలిపోయాడు.

అన్నలు లేచి ఒళ్ళు విరుచుకున్నారు. మిగతా చిలకలన్నీ మనుషులయ్యాయి, ఎప్పుడెప్పుడు పట్టుబడ్డవాళ్ళో పాపం. పెళ్ళి భోజనాలకి వరసకి ఎందరిని కూర్చోబెట్టమంటారని వంటవాళ్ళు అడిగారు. రెండు నించి పది దాకా మీ ఇష్టం, ఎవరూ మిగలరంది నీలవేణి. పదేసిమందిని కూర్చోబెట్టారు. ఆఖరి వరసలో ఒక్క విస్తరి ఖాళీ లేదు, విస్తరి లేని మనిషీ లేడు. అన్నదమ్ములు ముగ్గురే వడ్డించారు. ఆ తర్వాత మణిమంతుడూ నీలవేణీ మనవల జుట్టు నెరిసేదాకా రాజ్యం ఏలారు.