ఒడ్డున నిలబెట్టిన తెడ్డు

గవరయ్య గురువుగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా సందేహం అడగగానే వాళ్ళ చేతికి ఒక కొబ్బరాకు, చిన్న కత్తి ఇచ్చి, ఈనెలు తీస్తూ వినమనేవారు. చేతులు ఖాళీగా ఉన్నవాడు జవాబు వినడని, వింటున్నట్టు నటిస్తూ ఎదురుప్రశ్న సిద్ధం చేసుకుంటాడని ఆయన నమ్మకం. అందుకే కళింగపట్నం దారిలో ఉన్న ఆ చిన్న ఆశ్రమంలో దేనికి కరువొచ్చినా చీపుళ్ళకు మాత్రం రాలేదు.

ఒకనాటి ఉదయం కూర్మారావు అనే శిష్యుడు బట్టల సంచీతో సహా వచ్చాడు. అతను బడిపంతులు. భార్య పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఇద్దరు ఆడపిల్లలు, చిన్నదానికి ఇంకా ఐదేళ్ళు నిండలేదు. పొద్దున్నే జడలు వెయ్యడం దగ్గర మొదలుపెట్టి రాత్రి అమ్మ ఏదని అడిగే పిల్లను ఏమార్చి నిద్రపుచ్చేదాకా అన్నీ అతనే చూసుకోవాలి. కొన్నాళ్ళు చూశాడు. ఇక తన వల్ల కాదనుకుని పిల్లల్ని ముందురోజు నరసన్నపేటలో అక్కగారింట దిగబెట్టి తిన్నగా ఇటు వచ్చేశాడు. దీక్ష ఇప్పించమని, ఆశ్రమంలోనే ఒక మూల పడి ఉంటానని అడిగాడు. సంచీ కిందపెట్టి గురువుగారి ముందర కూర్చున్నాడు.

"మునిగిపోతున్నవాడు ఒడ్డు వెతుక్కోవడం తప్పా, గురువుగారూ?"

గురువుగారు కొబ్బరాకు అందించి, ఈ సంగతి చెప్పారు.

సముద్రం పక్కన ఒక పల్లెలో కొర్లయ్య అని చేపల వేటకు వెళ్ళి బతికేవాడు ఒకడుండేవాడు. నాలుగు దుంగలు మోకులతో బిగించి కట్టిన తెప్ప అతనిది. ఇద్దరు ఎక్కాల్సిన ఆ తెప్ప మీద అతనొక్కడే వెళ్ళేవాడు. రెండో మనిషి అతని అన్న పోలయ్య. కిందటేడు పోయాడు. నడిసముద్రంలో పోయి ఉంటే అదొక దారి. పోలయ్య ఊరంతా చూస్తుండగా, ఒడ్డు ముందరే పోయాడు. తుపానులో చిక్కి, తెప్ప తేలికవుతుందని వల నీళ్ళలోకి తోసేసి, కొబ్బరిచెట్లు కనబడగానే ప్రాణం లేచొచ్చి ఒడ్డుకేసి తోశాడు. లోతున్న చోట కెరటం ఎంత పెద్దదైనా తెప్పను ఎత్తి దించుతుంది. అదే కెరటం లోతు తగ్గిన చోట గోడలా లేచి విరిగిపడుతుంది. అక్కడ తెప్ప తిరగబడి దుంగలు పోలయ్య నెత్తిన పడ్డాయి. ఊళ్ళో అంతటి ఈతగాడు మరొకడు లేడు. ఆనాడు జ్వరంతో వేటకు పోలేక, ఒడ్డున నిలబడి అన్నను రా రమ్మని పిలిచినవాళ్ళలో కొర్లయ్య కూడా ఉన్నాడు.

మరుసటేడు కార్తీకంలో తుపాను కొర్లయ్య వంతుకు వచ్చింది. చీకటితో బయల్దేరినప్పుడు ఆకాశం బాగానే ఉంది. వల తీసుకుని తిరుగుముఖం పట్టేసరికి తూర్పున నల్లగా కమ్మింది. తెరచాప దించేలోపే గాలి దాన్ని చింపి పట్టుకుపోయింది. ఆ వెనకే వాన. కళ్ళు తెరిస్తే ఉప్పునీళ్ళు, నోరు తెరిస్తే ఉప్పునీళ్ళు. తెప్పలో నీళ్ళు నిలవవు, దుంగల సందుల్లోంచి వచ్చిన దారినే పోతాయి. అదొక్కటే మేలు. మనిషిని మాత్రం కెరటాలు నిలవనివ్వలేదు. అతను నడుముకు తాడు కట్టుకుని, రెండో కొస దుంగకు బిగించాడు. చేతిలో తెడ్డు జారిపోకుండా దాన్నీ మణికట్టుకు కట్టుకున్నాడు. ఇక సముద్రం లాక్కుంటే అన్నీ కలిపే లాక్కోవాలని, విడివిడిగా ఇవ్వనని పైకే అన్నాడు. వినేవాళ్ళు లేకపోయినా ఆ మాట అన్నాక అతనికి కొంచెం ధైర్యం వచ్చింది.

పొద్దెక్కేసరికి గాలి అతన్ని ఊరికేసి నెట్టుకొచ్చింది. వాన కాస్త తెరిపిచ్చినప్పుడు కొబ్బరిచెట్లు కనబడ్డాయి. ఇసుకతిన్నె మీద మనుషులు కూడా కనబడ్డారు. చేతులు ఊపుతున్నారు. ఆ క్షణంలో కొర్లయ్యకు వేడి గంజి గుర్తొచ్చింది, పొడిబట్ట గుర్తొచ్చింది, భార్య దానమ్మ గుర్తొచ్చింది. చేతిలో తెడ్డు తనంతట తానే ఒడ్డుకేసి తిరిగిపోయింది. రెండు తోపులు తోశాక గానీ తను ఏం చేస్తున్నాడో అతనికి తెలిసిరాలేదు. ముందర, ఊరికీ తనకీ మధ్య, తెల్లగా విరుగుతున్న కెరటాలు కనబడ్డాయి. పోలయ్య పోయింది సరిగ్గా అక్కడే.

అప్పుడు కొర్లయ్య తెప్పను వెనక్కి తిప్పాడు. ఇల్లు వీపు వెనక్కి పోయింది, తుపాను మొహం ముందుకు వచ్చింది. ఇంటికి చేరాలన్న పంతంతోనే ఇంటివైపు చూడడం మానేశాడు. కానీ తెడ్డు ఒక్కటీ చాలదు. తెప్ప ముక్కు కెరటానికి ఎదురుగా ఉంటేనే బతుకు, పక్కకు తిరిగిందా, ఒక్క దెబ్బకు బోర్లాపడుతుంది. కాళ్ళ దగ్గర తడిసి మోపెడైన వల పడి ఉంది. దానమ్మ ఎండాకాలమంతా కూర్చుని అల్లిన వల. ఆ బరువు వదిలించుకుంటే తెప్ప తేలికవుతుందని ఒళ్ళంతా చెబుతోంది. అన్న ఒళ్ళు కూడా అదే చెప్పి ఉంటుంది. కొర్లయ్య వలను పారెయ్యలేదు. పెద్ద మోకుతో దాన్ని తెప్ప ముక్కుకు కట్టి, ముందువైపు నీళ్ళలోకి వదిలాడు. వల నానుతూ, ఈడుస్తూ, గాలికి కొట్టుకుపోయే తెప్పను ముక్కు పట్టుకుని ఆపినట్టు ఆపింది. తెప్ప కెరటాలకు ఎదురు నిలిచింది.

ఒడ్డున గగ్గోలు పుట్టింది. ఇల్లు కనబడుతుంటే సముద్రంలోకి తిరిగాడేమిటి, మతిపోయిందా అని కేకలు పెట్టారు. గట్టిగా పిలవమని దానమ్మ మీద పడ్డారు. ఆమె ఆ తెప్ప ఎటు తిరిగి ఉందో కాసేపు చూసింది. కళ్ళు తుడుచుకుని, పక్కవాడి చేతిలో తెడ్డు తీసుకుని, తన ఎర్రచీర తెప్పించి దానికి కట్టింది.

"ఇప్పుడు రాడు. రావద్దు కూడా. మనమెక్కడున్నామో ఆయనకి కనబడాల, అంతే."

ఆ తెడ్డును ఇసుకలో పాతి, గాలికి పడకుండా రెండు చేతులా పట్టుకుని నిలబడింది. కొర్లయ్య మధ్యమధ్య తల తిప్పి ఆ ఎర్రటి గుడ్డను చూసుకునేవాడు. అది దగ్గరైతే తను ఒడ్డుకు కొట్టుకొస్తున్నాడని గుర్తు. అప్పుడు రెక్కలు తెగేలా తెడ్డు వేసి మళ్ళీ ఎడంగా జరిగేవాడు. దూరమైతే కాస్త ఊపిరి పీల్చుకునేవాడు.

మధ్యాహ్నం ఏదో వేళ వెనక కట్టు వదులై దుంగలు విచ్చుకోవడం మొదలైంది. కొర్లయ్య బోర్లాపడి పాక్కుంటూ వెళ్ళి, పాదాలు దుంగకు తన్నిపెట్టి, మోకును పళ్ళతో పట్టి లాగాడు. ఒక పన్ను ఊడింది. కట్టు బిగిసింది. గంగమ్మ తల్లికి మొక్కుకున్నాడు, మరుక్షణం తిట్టాడు, మళ్ళీ క్షమించమన్నాడు. ఏడుపొచ్చినప్పుడు ఏడ్చాడు కూడా. ఏడుస్తూ తెడ్డు వేశాడు తప్ప తెడ్డు ఆపి ఏడవలేదు.

పొద్దు వాలే వేళకు గాలి మళ్ళింది. పడమటి నుంచి, నేలమీంచి వీచింది. విరిగే కెరటాలు తలలు దించుకున్నాయి. అప్పటికి గానీ అతను వలను పైకి లాక్కుని తెప్పను ఊరివైపు తిప్పలేదు. ఇసుకకు తగిలాక లేచి నిలబడలేకపోయాడు. నలుగురూ మోసుకొచ్చి దానమ్మ ముందర కూర్చోబెట్టారు. ఆమె వేళ్ళు తెడ్డు చుట్టూ బిగుసుకుపోయి ఉన్నాయి. ఒక్కొక్కటే విప్పవలసి వచ్చింది. వల సగం చిరిగింది. మర్నాడు ఇద్దరూ కూర్చుని దాన్ని బాగుచేసుకున్నారు.

గురువుగారు ఇంతవరకు చెప్పి, తన ముందున్న ఈనెలను కట్టగా సర్దుకున్నారు. కూర్మారావు చేతిలో కొబ్బరాకు సగంలోనే ఆగిపోయి ఉంది. సంచీ అతని మోకాలికి ఆనుకుని ఉంది.

గురువుగారు పిల్లలు రాత్రి అన్నం తిన్నారా అని అడిగారు. పెద్దది సర్దుకుపోతుందని, చిన్నది మాత్రం తను కలిపి పెడితే గానీ ముద్ద ముట్టదని, నిన్న అక్కగారింట పస్తు పడుకుని ఉంటుందని కూర్మారావు చెప్పాడు. చెబుతూ చెబుతూనే అతని కళ్ళు నీళ్ళతో నిండాయి. కొబ్బరాకు పక్కన పెట్టి, సంచీ భుజాన వేసుకుని లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"ఈ కెరటాలు ఎప్పటికి తగ్గుతాయి, గురువుగారూ?"

"కొర్లయ్యకూ తెలీదు, నాయనా," అన్నారు గవరయ్యగారు. "నేను మాత్రం ఒడ్డున తెడ్డు దించను."