ఐసుగడ్డ కప్పుకున్న బొంత

అనగనగా, కెరటాలు గుమ్మం దాకా వచ్చి పలకరించే ఒక ఊళ్ళో నూకాలని ఒక చేపలామె ఉండేది. ఆమె చెల్లెలు పైడితల్లిని దూరాన మెట్ట ఊరికి ఇచ్చారు. పైడితల్లికి ఆడపిల్ల పుట్టింది. పుట్టిందిగానీ, తల్లికి పాలు చాలలేదు. పసిగుడ్డు ఒకటే ఏడుపు.

మన సముద్రపొడ్డున బాలింతకి పాలు పడాలంటే పాలసొర చేప పులుసు పెడతారు కదమ్మా! అప్పుడు నూకాలు తాజా పాలసొరల్ని ఐసుముక్కల మీద పరిచి, బుట్ట తెరిచే పెట్టుకుని బస్సెక్కింది. గాలి తగిలితే చల్లగా ఉంటుందని ఆమె ఆలోచన. ఎండాకాలం గాలి చల్లనా? బస్సు దిగేసరికి ఐసు నీరైంది, చేప కంపు కొట్టింది.

ఆ తర్వాత ఇంకోసారి వెళ్ళింది. ఐసుకి దాహమేస్తుందన్నట్టు దారిపొడుగునా నీళ్ళు చిలకరించింది. అది మరీ తొందరగా కరిగిపోయింది. చెల్లెలు ఏడుస్తున్న పిల్లని ఈ భుజం మీంచి ఆ భుజం మీదకి మార్చుకుంది. అదే నూకాలు గుండెలో ముల్లై కూర్చుంది.

మూడోసారి బయలుదేరుతుంటే అత్త ఎల్లాయమ్మ ఆపింది. చేపల్నీ ఐసునీ సత్తుడబ్బాలో సర్ది, మూత బిగించి, తను కప్పుకునే పాతకోకల బొంత తెచ్చి చుట్టేసింది.

"అదేటత్తా! బొంత కప్పితే ఐసు ఉడికి చావదా?"

"ఓసి నా పిచ్చి కోడలా! బొంతలో పొయ్యుందేటే? నీ ఒంటి వేడిని బయటికి పోనీదు, నీకు వెచ్చన. బయటి ఎండని లోపలికి రానీదు, ఐసుకి చల్లన. మడతల మధ్య గాలి చిక్కుకుని కదలకుండా ఉంటది. కదలని గాలి వేడిని తొందరగా దాటనీదు. దారిలో మూత తీశావో, నా మీదొట్టే!"

నూకాలు ఆ మూటని ఒళ్ళో పెట్టుకుంది. బస్సులో పక్కావిడ, "ఇంత ఎండలో బిడ్డకి బొంతేంటమ్మా? కాస్త మొహం తియ్యి!" అంది.

"తీస్తే కరిగిపోద్దమ్మా," అంది నూకాలు. ఆవిడ గభాలున పక్కకి జరిగి కూర్చుంది.

బస్సు దిగాక మూత తీసి చూద్దామని చెయ్యి దురదపెట్టింది, తీయలేదు. మెట్ట ఎక్కుతుంటే డబ్బాలో నీళ్ళ చప్పుడైంది. ఐసంతా కరిగిపోయిందేమో అనుకుంది, అయినా తీయలేదు.

చెల్లెలి వాకిట్లో మూత తీసింది. కాసిని నీళ్ళున్నా, ఐసు గలగలమంది. చేపలు తళతళమన్నాయి!

ఆ రోజూ మర్నాడూ పులుసు ఉడికింది. ఆ తర్వాత పైడితల్లికి పాలు పడ్డాయి. పిల్ల కడుపునిండా తాగింది. సాయంత్రం వాన కొట్టి చలిగాలి వీచింది. అప్పుడు నూకాలు ఆ బొంతే తీసి పసిదానికి కప్పింది. అది వెచ్చగా నిద్రపోయింది.

ఇంటికొచ్చి అత్త కాళ్ళకి దణ్ణం పెడితే, ఎల్లాయమ్మ కాళ్ళు ముడుచుకుంది. "నాకెందుకే! అందులో మా అమ్మ కోకుంది, మీ మావ తల్లి కోకుంది. వాళ్ళకి పెట్టు."

కథ విన్నావు కదమ్మా! మీ మావయ్య చేపల వేటకి పట్టుకెళ్ళే ఐసుసంచి చూశావుగా, దాని గోడల్లో మెత్తటి నురుగులాంటిది ఉంటుంది. దాన్నిండా చిక్కుకున్న గాలే. అది మన బొంతకి చెల్లెలన్నమాట! ఏదీ, కాళ్ళు బొంత లోపలికి పెట్టు.

చేపకేమో చల్లన,
పాపకేమో వెచ్చన,
కథేమో కంచికి,
మనమేమో బొంతలోకి!