నక్క దొర పెంచిన కౌలు

ఏటి ఒడ్డున నక్క దొరకు రెండు చెక్కల పొలం ఉంది. నాగలి ఎటునుంచి పట్టుకోవాలో ఆయనకు తెలియదు గానీ, కౌలు ఎటునుంచి గుంజాలో బాగా తెలుసు. పై చెక్కను దున్నపోతు, కింది చెక్కను గాడిద కౌలుకు చేసేవి. రెంటికీ మధ్య ఒకటే గట్టు.

ఏటా ఏరువాక ముందు దొర దున్నపోతు పాకకు వచ్చేవాడు.

"నీ చెక్క గాడిద అడుగుతోందిరా. బస్తా ఎక్కువిస్తానంటోంది. నాకేమో నువ్వంటే అభిమానం."

పేడ మోసి, మట్టి తోలి బాగుచేసుకున్న నేల. ఎలా వదులుకుంటుంది? "ఆ బస్తా నేనే ఇస్తాను దొరా" అనేది దున్నపోతు. దొర అక్కణ్ణుంచి గాడిద దగ్గరికి పోయి ఇదే మాట తిప్పి చెప్పేవాడు. కౌలు పెరిగింది, కౌలుదార్ల మధ్య మాటలు పోయాయి. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినట్టు, గాదె నిండింది మాత్రం నక్కకే.

ఈ ఏడు కూడా కౌలు పెరిగితే పిల్లలకు గింజ మిగలదు. దున్నపోతు ఆ మంటతో గట్టెక్కి గాడిదను నిలదీసింది.

"ఏం బావా, నా చెక్క మీద కన్నేశావంట?"

"నేనా? నా చెక్కకు ఎక్కువ పాడింది నువ్వు కాదూ?"

"ఎవరు చెప్పారు?"

"దొర. మరి నీకో?"

"దొరే."

రెండూ మొహమొహాలు చూసుకున్నాయి. ముందు గాడిద నవ్వింది. ఆ నవ్వుకు ఏటికవతల కొంగలు లేచిపోయాయి.

మర్నాడు దొర వచ్చాడు. "గాడిద ఈసారి రెండు బస్తాలు ఎక్కువిస్తానంది."

"ఇస్తానంటే దానికే ఇచ్చెయ్యండి దొరా."

ఎంత చెప్పినా దున్నపోతు మీద వాన కురిసినట్టే. దొర గాడిద దగ్గరికి పరిగెత్తాడు. అక్కడా అదే జవాబు.

"గాడిదకేం తెలుసులే గంధపు చెక్కల వాసన" అని ఈసడించాడు.

"తెలియదు దొరా. పేడ వాసన తెలుసు. ఎవరు మోశారో కూడా తెలుసు."

తొలకరి పడింది. చుట్టూ పొలాలు నాగళ్లతో కళకళలాడుతుంటే దొర చెక్కల్లో తుంగ మొలిచింది. అదును దాటితే పంట లేదు. పౌరుషానికి పోయి దొర తానే కాడి మెడకేసుకున్నాడు. నాగలి కదల్లేదు. దొర బురదలో బోర్లా పడ్డాడు, తోక ఒక్కటే పైకి కనిపించింది. గట్టు మీద కూర్చున్న దున్నపోతూ గాడిదా మర్యాదగా లేచి నిలబడ్డాయి.

"లేపండ్రా."

"ఎవరం లేపాలి దొరా? ఎక్కువ పాడినవాళ్లే కదా ముందు" అంది గాడిద.

"ఎవరూ పాడలేదురా నాయనా. నేనే అబద్ధం చెప్పాను."

"అయితే వినండి. పండినదాంట్లో మూడో పాలు మీది. పండకపోతే మా ఇంట్లో పస్తు, మీ ఇంట్లోనూ పస్తు" అంది దున్నపోతు.

నోటి నిండా బురదతో దొర తలూపాడు.

ఆ ఏడు పంట విరగపండింది. కళ్లంలోనే కొత్త బియ్యంతో పాయసం వండుకుని, దొరకూ ఓ గిన్నె ఇచ్చాయి. సగం తిన్నాక దొరకు పాత అలవాటు లేచింది. దున్నపోతు చెవి దగ్గర చేరి, "వచ్చే ఏటికి గాడిద ఏమంటోందంటే..." అన్నాడు.

దున్నపోతు తల తిప్పి కేకేసింది. "బావా, నువ్వేదో అన్నావంట. ఇలా వచ్చి దొర ముందే చెప్పు."

గాడిద వచ్చేసరికి గిన్నె ఉంది, దొర లేడు.

గట్టుకు అటూ ఇటూ మాటలుంటే, కౌలు హద్దులో ఉంటుంది.