కదలనివాళ్లు

ఒక రాజు తన వైద్యశాల కప్పుకీ, కొలువు కప్పుకీ ఒక్కో కన్ను పెట్టించాడు. ఎవరూ లేనిచోట దీపం వెలగకూడదు, పంకా తిరగకూడదు. ఆజ్ఞ మంచిదే. కన్నుకి మాత్రం ఒక్కటే నేర్పారు: కదిలితే మనిషి ఉన్నట్టు, కదలకపోతే లేనట్టు.

వైద్యశాలలో కిటికీ లేని గదిలో ఒక తల్లి కూతుర్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. జ్వరంతో మూలిగి మూలిగి పిల్లకి అప్పుడే కునుకు పట్టింది. తల్లి మెల్లగా జోకొడుతోంది. ఆ వేళ్ల కదలిక కన్నుకి ఆనలేదు.

పంకా ఆగింది. దీపం ఆరింది.

"ఇక్కడే ఉన్నాం," అంది తల్లి గొంతు తగ్గించి.

"ఎవరూ లేరు," అంది కన్ను.

"మరి మాట్లాడుతున్నది ఎవరు, మీ తాతా?"

"మాటలు నా లెక్కలోకి రావు. కదులు."

"ఒక్కసారి చెయ్యి ఊపవే తల్లీ," అని గొణిగింది పంకా. "నాకూ తిరగాలనే ఉంది."

చెయ్యి ఊపింది. గాలి వచ్చింది. పిల్ల ఉలిక్కిపడి లేచి ఏడ్చింది. ఊపితే నిద్ర లేదు. ఊపకపోతే గాలి లేదు. పిల్ల ఒళ్లు కాలిపోతోంది.

తల్లి పిల్లని భుజాన వేసుకుని కొలువుకి వెళ్లింది. పిల్లని కదపకుండా నిలబడి జరిగింది చెప్పింది.

ఫిర్యాదు వింటూ కదలకపోవడం అక్కడి మర్యాద. రాజు కదలనిదే మంత్రి కదలడు. మంత్రి కదలనిదే భటులు కదలరు. అందరూ చక్కగా విన్నారు.

దీపాలన్నీ ఆరిపోయాయి.

"ఎవరూ లేరు," అంది కన్ను.

"ఏమిటిది మంత్రీ?" చీకట్లో రాజు గొంతు.

"తమరు కాస్త కదిలితే, ప్రభూ..."

"నేనా! నువ్వు కదులు."

"తమకంటే ముందా? ఎంత అపచారం!"

తల్లికి ఒళ్లు మండిపోయింది.

"ఇంత చెప్పినా ఒక్కరూ కదల్లేదు. కన్ను అబద్ధమాడలేదులెండి. నేనే ఎవరూ లేనిచోటికి వచ్చాను."

వెనుదిరిగి నడిచింది. అడుగు పడినచోటల్లా దీపం వెలిగింది, పంకా తిరిగింది. ఒంటికి గాలి తగిలి పిల్ల భుజం మీదే నిద్రపోయింది. ఆమె దాటిన ప్రతిచోటా చీకటి మళ్లీ మూసుకుంది.

"ఆగమ్మా!" అని అరిచాడు రాజు. "నువ్వు పోతే మేమున్నామని దానికి చెప్పేదెవరు?"

ఆగితే పిల్లకి గాలి ఉండదు.

ఆమె ఆగలేదు.